చుక్క పెట్టిన ఇళ్లు

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంటు పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. బళ్లో నాకు తెలుగు చెప్పిన టీచరమ్మకు డెబ్బై మూడేళ్లు. ఇప్పటికీ నెలకో ఆదివారం ఆ పుస్తకాల కోసం వస్తారు, తోడుకు నన్ను రమ్మంటారు. మొన్న జనరల్ పోస్టాఫీసు దాటి నాలుగడుగులు వేశామో లేదో ఆయన ఎదురయ్యారు. తెల్ల లాల్చీ, తోలు చెప్పులు, చంకలో ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. 1970 నుంచి ఆబిడ్స్, నాంపల్లి గల్లీల్లో ఇళ్లు చూపిస్తున్న ఏజెంటు ఆయన. టీచరమ్మ వాళ్ల నాన్నగారి ఇల్లు 1997లో అమ్మించింది ఆయనే. అప్పట్నుంచీ ఆ విషయంలో ఇద్దరికీ పడదు. అలాగని ఎదురుపడితే చాయ్ తాగకుండా విడిపోరు కూడా.

ఇరానీ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాం. వాళ్లు మాట్లాడుకున్నది రాస్తున్నాను. ఆమె ‘అద్దె’ అన్నచోటల్లా ఆయన ‘కిరాయి’ అన్నారు. దాన్ని అలాగే ఉంచాను.

టీచరమ్మ: ఇంకా ఆ పుస్తకం మోస్తున్నారా అన్నా? ఇప్పుడందరూ ఫోన్లోనే ఇళ్లు చూసుకుంటున్నారు కదా.

ఏజెంటు: చూస్తున్నరు టీచరమ్మా. ఫొటోల గచ్చు మెరుస్తది, కిటికీలకెల్లి ఎండ వస్తది. ఆ ఫొటో ఏ నెలల తీసిండ్రో ఎవలకెరుక? నేను వానకాలం చూసిన ఇల్లే మంచిదని రాసుకుంట. గోడకు అరచెయ్యి కాదు, చెయ్యి వెనకతట్టు ఆనిస్త. అరచెయ్యి తోలు మొద్దు, వెనకతట్టు తోలు పల్చన. చెమ్మ ఉంటె అదే చెప్తది. బాత్‌రూంల చెంబెడు నీళ్లు పోసి, అవి మోరీ దిక్కు పోతున్నయా, తలుపు దిక్కు వస్తున్నయా చూస్త. మంజీర నీళ్లు ఎంత జోరుగ వస్తున్నయో చూసెటందుకు తెల్లారగట్ల పోయి నల్లా ఇప్పిన ఇండ్లు ఎన్ని ఉన్నయో చెప్పలేను.

టీచరమ్మ: కాదనను. కానీ దానికి నెల అద్దె తీసుకుంటారు. ఇల్లు వాళ్లది, డబ్బు వీళ్లది, మధ్యలో రెండు వైపులా మీకు కమీషన్. నాకు మొదట్నుంచీ మింగుడుపడనిది ఇదే. మా అమ్మ ఊరగాయ పెడితే అందులో ఆవిడ చెయ్యి కనబడేది. మీ పనిలో మీ చెయ్యి ఎక్కడ?

ఏజెంటు: ఇప్పుడు చెప్తి గద, గోడ మీద. సరే, ఇంకో ముచ్చట చెప్త. 1981ల రెడ్‌హిల్స్ దిక్కు ఒక ఇల్లు అమ్మకానికొచ్చింది. పెద్ద వాకిలి, నడుమ బావి. కోస్తా దిక్కుకెల్లి వచ్చిన ఒక డాక్టరు మనసు పడ్డడు. దస్తావేజులన్ని ఉర్దూల ఉండె. లాడ్జిల పనిచేసినప్పుడు మా మేనేజరు సాబు నాకు ఉర్దూ చదువుడు నేర్పిండు కాబట్టి నేనే చదివి చెప్పిన. ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురూ సంతకానికి తయారు. బయానా పైసలు డాక్టరు జేబుల ఉన్నయ్. అయితె ఆ గల్లీ పోస్ట్‌మ్యాన్ నాకు దోస్తు. ఆ ఇంటికి యేటా ఈద్‌కు కరాచీకెల్లి ఒక నీలం ఉత్తరం వస్తదని ఎప్పుడో మాటల మధ్యల చెప్పిండు. అది యాదికొచ్చింది. ఎవలు రాస్తున్నరని ఇంటి ముసలి వంటామెను అడిగిన. నాలుగో కొడుకు అన్నది. పోలీస్ యాక్షన్ అయినంక పోయినోడు.

టీచరమ్మ: నాలుగో వాటా.

ఏజెంటు: ఆ. అట్ల పోయినోళ్ల ఆస్తికి 1950ల ఒక చట్టం, 1968ల ఇంకో చట్టం. పేర్లు నాకు తర్వాత తెల్సినయ్. అప్పుడు తెల్సింది ఒక్కటే: ఇంట్ల ఒక సంతకం తక్కువున్నది, ఆ వాటా కోసం ఏదో ఒకనాడు సర్కారోళ్లన్న వస్తరు, వారసులన్న వస్తరు. డాక్టరును పక్కకు పిలిచి చెప్పిన. ఆయన పైసలు తీసుకొని ఎనకకు పోయిండు. ఆ అన్నదమ్ములు నన్ను బజార్ల నిలబెట్టి తిట్టిన్రు. ఆరు నెలలు ఆ గల్లీల అడుగు పెట్టలే. కమీషన్ లేదు, ఏం లేదు. కాయితంల లేనిది యాది పెట్టుకునుడే నా పని టీచరమ్మా. నా చెయ్యి ఆడ ఉన్నది.

ఈ మాట దగ్గర టీచరమ్మ కాసేపు కప్పు వైపే చూశారు. మంచి మాట ఎవరన్నా ఒప్పుకోవడం ఆమె పద్ధతి. ఒప్పుకున్నారు కూడా. ఆస్తుల వ్యవహారంలో దస్తావేజు ఎంత ముఖ్యమో, దస్తావేజులోకి ఎక్కనిది తెలిసిన మనిషి కూడా అంత ముఖ్యమని నాకూ అనిపించింది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి. ఈద్‌కు వచ్చే నీలం ఉత్తరం అందులో కనిపించదు.

టీచరమ్మ: అది మంచి పని అన్నా. ఆ డాక్టరు మిమ్మల్ని గుర్తుపెట్టుకోవాలి. కానీ మీరు ఇదంతా ఒక ఊరి సంగతిలా చెబుతారు. ఇది హైదరాబాదు. పోస్ట్‌మ్యాన్, వంటామె, మీరు, అందరూ ఒకరికొకరు తెలిసిన పల్లెటూరా ఇది?

ఏజెంటు: నాకు పల్లెటూరే. మీరు కర్నూలుకెల్లి వచ్చిన్రు, నేను జనగామకెల్లి వచ్చిన. నాంపల్లి టేషన్ల దిగిన్నాడు నాకు ఇరవై ఏండ్లు. టేషన్ ముందట లాడ్జిల రూంబాయ్ పని. ఆడ ఎవలు దిగుతుండె? నీలోఫర్ దవాఖానకు పిల్లల్ని ఎత్తుకొని వచ్చెటోళ్లు, సర్కారు ఆఫీసుల చుట్టు తిరిగెటోళ్లు, దర్గాకు మొక్కు తీర్చెటోళ్లు. నాలుగొద్దులు ఉంటరు, లాడ్జి కిరాయి కట్టలేక తండ్లాడుతరు. తమ్మీ, నెలకు సవ్వగ ఒక రూం దొర్కుతదా అని అడుగుతుండె. నేను వెనక గల్లీలల్ల అడిగి చూపెడుతుండె. మొదటి మనిషి నా చేతుల అయిదు రూపాయలు పెట్టిండు. తీసుకోవచ్చునా అని మేనేజరు సాబును అడిగిన. కడుపు నిండా తిను అన్నడు.

టీచరమ్మ: అలా మొదలైందా! ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

ఏజెంటు: మీరు ఎప్పుడు అడిగిన్రు? నుమాయిష్ వస్తె నాకు పండుగ. జనవరి ఒకటికి మొదలైతె ఫిబ్రవరి పదిహేను దాక. కశ్మీర్ శాలువలోళ్లు, లక్నో చికన్ బట్టలోళ్లు మూటలతోని దిగుతరు. నెలన్నర కోసం ఇల్లు ఎవలిస్తరు? నేను ముసలోళ్లు ఒంటిగ ఉన్న ఇండ్లు వెతికి, ముందటి రూం ఇప్పిస్తుండె. ఒక కశ్మీర్ తాత వస్తుండె, తర్వాత కొడుకు వచ్చిండు, ఇప్పుడు మనమడు వస్తున్నడు. అదే గల్లీ, అదే రూం. ఆ ఇంటి ముసలవ్వ సచ్చిపోతె, ఆ తాత శాలువ కప్పిండు. ఇది పల్లెటూరు కాకుంటె ఏంది?

నుమాయిష్, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్, 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. నాంపల్లి స్టేషను అంతకన్నా పాతది, 1907 నాటిది. ఆ స్టేషన్లో దిగి, బయట మొదట మాట్లాడిన మనిషి చెప్పిన గల్లీలో స్థిరపడిపోయిన కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉంటాయి. ఏ చరిత్ర పుస్తకమూ ఆ మొదటి మనిషి దాకా వెళ్లదు. నేను ఈయన్ని కాసేపు మాట్లాడనివ్వమని టీచరమ్మతో అన్నది అందుకే.

ఏజెంటు: ఇంటి నంబరు చెప్తె చాలు, కండ్లు మూసుకొని చెప్త. 5-8 తోని మొదలైతె నాంపల్లి టేషన్ రోడ్డు దిక్కు. 5-9 అంటె ఆబిడ్స్, చిరాగ్ అలీ లేన్. ముందటిది వార్డు, నడుమది బ్లాకు, ఎనకది ఇల్లు. దానికి బై పడ్డదంటె ఆ ఇల్లు పంచుకున్నరని అర్థం. ఒకటి బై రెండు, రెండు బై ఏ. నంబరు పొడుగయినకొద్ది ఆ ఇంట్ల కొట్లాటలు ఎక్కువ.

టీచరమ్మ: మా ఇంటికి బై లేదు. అయినా కూల్చారు.

ఏజెంటు: మళ్ల ఆడికే వచ్చిన్రు.

టీచరమ్మ: రాకుండా ఎలా? నాన్న 1956లో రాజధానితో పాటు కర్నూలు నుంచి వచ్చిన గుమాస్తా. పన్నెండేళ్లు అద్దె కొంపల్లో తిరిగి, 68లో ఆ ఇల్లు కొన్నారు. వరండాకు చెక్క జాలీ, మధ్యలో ఎర్ర గచ్చు. వేసవిలో ఆ గచ్చు తడిపి, దాని మీద చెవి ఆనించి పడుకునేవాళ్లం. ఇప్పుడు అక్కడ అయిదంతస్తులు, కింద సెల్లార్లో జనరేటరు. ఈ ఆబిడ్స్ పేరే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పోయినా పేరుంది. ప్యాలెస్ టాకీస్ పోయింది, జమురుద్ మహల్ పోయింది, కవి మఖ్దూం మొహియుద్దీన్ కూర్చున్న ఓరియంట్ హోటల్ పోయింది. వాటి పేర్లైనా మనుషుల నోళ్లలో ఉన్నాయి. మా ఇంటికి అదీ లేదు. ఊరు ఊరు అంటారే, ఆ ఊరినే గజాల్లెక్కన అమ్మారు మీరు.

ఏజెంటు: ఇల్లు చేతులు మారుడు నాతోనే మొదలయ్యిందా? కింగ్ కోఠి సంగతి చెప్తరు గద. కమాల్ ఖాన్ కట్టుకున్నడు, తలుపులకు, కిటికీలకు తన పేరు కే.కే. అని చెక్కిచ్చుకున్నడు. ఏడో నిజాం దాన్ని కొన్నడు. అక్షరాలు పీకిచ్చుడెందుకని కే.కే. అంటె కింగ్ కోఠి అన్నడట. నిజాముకే తప్పలే.

టీచరమ్మ: ఆయన కూల్చలేదు. పేరు మార్చుకుని, అందులో ఉన్నాడు.

ఏజెంటు: ఒప్పుకుంట. అయితె కూలగొట్టిచ్చింది నేనొక్కన్నేనా? కిరాయిల చట్టం 1960ది. పాత కిరాయిదారు లేవడు, కిరాయి పెరగదు, రెంట్ కంట్రోలరు దగ్గర కేసు నడుస్తనే ఉంటది. వచ్చె కిరాయి పెంకులు మార్చెటందుకు సాలది. 1976ల అర్బన్ సీలింగ్ వచ్చింది. హైదరాబాద్‌ల ఒక్కనికి వెయ్యి చదరపు మీటర్లు దాటి ఖాళీ జాగ ఉండద్దన్నరు. వాకిలి, తోట ఉన్నోళ్లు బెదిరి ముక్కలు చేసుకున్నరు. తర్వాత 87ల అపార్ట్‌మెంట్ల చట్టం. పై అంతస్తు కూడ సపరేటుగ అమ్ముకోవచ్చునని జనానికి నమ్మకం కుదిరింది. ఇల్లు ఒకటి, పిల్లలు అయిదుగురు. అయిదు ఫ్లాట్లు అనంగనె అందరి ముఖాలల్ల వెలుగొచ్చింది. మీ ఇంట్ల కూడ.

టీచరమ్మ: చట్టం వచ్చి తలుపు కొట్టదు అన్నా. మీరు వచ్చి కొట్టారు. నాన్న పోయి నెల తిరగకముందే.

ఏజెంటు: కొట్టిన. మీ పెద్దన్న కబురు పెడితె వచ్చి కొట్టిన. ఇన్నేండ్లు మీకు చెప్పలే. ఇయ్యాల చెప్తున్న.

టీచరమ్మ ఏమీ అనలేదు. పెద్దన్న ఇప్పుడు లేరు. కబురు పెట్టింది ఆయనేనన్న విషయం ఆమెకు తెలియదనీ అనుకోను. తెలిసిన మాటే మరొకరి నోట వింటే వేరుగా ఉంటుంది. ఏజెంటుగారు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి, ప్లేటు ఆమె ముందుకు జరిపారు. కొంతసేపు మాట మళ్లింది. పదకొండు నెలల అగ్రిమెంటు ఎందుకని నేనడిగాను. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలని 1908 నాటి చట్టంలో రాశారు కాబట్టి ఒక నెల తగ్గించి రాసుకోవడం అలవాటయిందట. తర్వాత కొత్త చట్టం సంగతి వచ్చింది.

ఏజెంటు: 2016ల రెరా వచ్చింది. కొత్త ప్రాజెక్టుల ఫ్లాటు అమ్మిపియ్యాలంటె ఏజెంటుకు కూడ రిజిస్ట్రేషన్ ఉండాలె. లేకుంటె దినాం పదివేలు జరిమానా. మా చిన్నోడు తీసుకున్నడు. బోర్డు మీద నంబరు రాసిండు. మంచిదే. ఎవడుపడితె వాడు ఏజెంటయ్యె రోజులు పోవాలె.

టీచరమ్మ: మరి అద్దె ఇళ్లకు?

ఏజెంటు: దానికి వర్తించదు.

టీచరమ్మ: అయితే అద్దెకు ఇల్లు చూపించే మనిషి ఏం అడగొచ్చో, ఏం అడగకూడదో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అమెరికాలో 1968లోనే చట్టం తెచ్చారు, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి. రంగు చూసి, మతం చూసి ఇల్లు లేదనకూడదు. ఏజెంటుకూ ఆ కట్టుబాటు ఉంది. మన దగ్గర 2005లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది గుజరాత్‌లోని ఒక పార్సీల హౌసింగ్ సొసైటీ వ్యవహారం. సభ్యత్వం మావాళ్లకే అని సొసైటీ నియమం పెట్టుకుంటే అది చెల్లుతుందన్నారు. ఇదెందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

ఏజెంటు: తెల్సు. మీ ఉర్దూ టీచరు ముచ్చట.

టీచరమ్మ: అవును. నేను 85లో నిజామాబాదు నుంచి బదిలీ మీద వచ్చి నాంపల్లి బళ్లో చేరాను. స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ ఆవిడది. అంతకు రెండేళ్ల ముందు, 83లో, ఇంటి కోసం మీ దగ్గరకు వచ్చింది. వాళ్లాయనకు రైల్వేలో పని, ఇద్దరు చిన్నపిల్లలు. బడికి దగ్గరగా ఆబిడ్స్ వైపు కావాలంది. మీరు అటు ఖాళీ లేవు అని చెప్పి రిక్షా ఎక్కించి మల్లేపల్లి తీసుకెళ్లి మూడిళ్లు చూపించారు. ఆ రిక్షాలోంచే రెండు టులెట్ బోర్డులు చూశానని ఆవిడ చెప్పింది. ఆ బోర్డులున్నాయి కదా అని మిమ్మల్ని అడగలేదట. అడిగితే మీరు అబద్ధం చెప్పాల్సి వస్తుంది, మంచిమనిషిలా ఉన్నారు, ఎందుకు అనుకుందట. రిటైరయ్యేదాకా మల్లేపల్లిలోనే ఉంది.

ఏజెంటు: ఆ టీచరమ్మ అట్ల అన్నదా?

టీచరమ్మ: సరిగ్గా ఆ మాటే అంది.

ఏజెంటుగారు కప్పు పక్కన పెట్టారు. ఆయన చెప్పబోయేది నేను మధ్యలో ఆపకుండా రాసుకున్నాను.

ఏజెంటు: 1976ల నల్లగొండ దిక్కుకెల్లి ఒక సారు వచ్చిండు. ఎస్సీ కుటుంబం. భార్య, చంకల పిల్ల. నాకు అప్పటికి ఈ లెక్కలు తెల్వయి. ఖాళీ ఉన్నది, పైసలిస్తమంటున్నరు, తీసుకపోయిన. ఇంటామె మంచిగనే మాట్లాడింది. నీళ్లిచ్చింది. మాటల్ల ఏ ఊరు, ఎవలోళ్లు అని అడిగింది. సారు చెప్పిండు. ఆలోచించి చెప్తం అన్నది. మేము వాకిలి దాటి గల్లీ మూల మలగక ముందే ఎనక నీళ్ల సప్పుడైంది. బకెట్లతోని వరండ కడుగుతున్నది. సారు ఎనకకు మలిగి చూసిండు. నేను చూసిన. ఆయన భార్య చూడలే, పిల్ల ఏడుస్తుంటె ఊకుంచుకుంట ముందుకు పోయింది. చూడకపోవుడే మంచిగయ్యింది అనుకున్న. ఆ సారు నాతోని ఒక్క మాట అనలే. జేబులకెల్లి రెండు రూపాయలు తీసి, నీకు తిప్పలయ్యింది తమ్మీ అని నా చేతుల పెట్టిండు. ఆ రాత్రి ఈ పుస్తకం తీసి ఆ ఇంటి నంబరు పక్కకు ఒక చుక్క పెట్టిన. ఆ ఇంటికి ఇంకెవల్ని అట్ల తీసుకపోవద్దని. అది మొదటి చుక్క.

టీచరమ్మ: మొదటిది అంటే?

ఏజెంటు: తర్వాత ఇంకా పెట్టిన. ఈ ఇంటోళ్లు తురకోళ్లకు ఇయ్యరు, ఈ ఇంటోళ్లు ఎస్సీలకు ఇయ్యరు, ఈ ఇంటోళ్లు మాంసం తినెటోళ్లకు ఇయ్యరు. ఒకటే చుక్క. నేను ముఖం మీద తలుపేసే మాట పడకుండ కాపాడిన టీచరమ్మా. ఖాళీ లేదంటె ఎవల మనసు నొవ్వదు. ఇంకో దిక్కు మంచి ఇల్లు చూపెట్టిన. మల్లేపల్లిల మీ ఉర్దూ టీచరుకు ఇప్పిచ్చిన ఇల్లు నీళ్లకు, గాలికి ఫస్ట్ క్లాస్.

టీచరమ్మ: ఆ చుక్క వాళ్ల మంచికే మొదలుపెట్టారు. నమ్ముతాను. ఆ బకెట్ నీళ్ల చప్పుడు విన్న మనిషి ఎవరైనా అదే చేస్తారు. కానీ దాంతో ఎవరికి లాభం జరిగిందో చూడండి. ఆ ఇంటివాళ్లకు. వాళ్లు ఒక్కసారైనా నోరు తెరిచి మీకు ఇవ్వం అనాల్సిన అవసరం లేకుండా పోయింది. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి అనాల్సి వస్తే, పదిసార్లలో ఒకసారైనా నోరు రాక ఇచ్చేవాళ్లేమో. వాళ్ల సిగ్గు మీరు మోశారు. మోసి, మా ఉర్దూ టీచరు మీద దించారు. ఆవిడ మీకు అబద్ధం చెప్పే పని పెట్టకూడదని నోరు మూసుకుంది. ఇందాక నీలం ఉత్తరం సంగతి చెప్పారు. ఆ జ్ఞాపకమూ, ఈ చుక్కా ఒకే పుస్తకంలో ఉన్నాయి కదా.

ఏజెంటు: ఒకటే పుస్తకం.

టీచరమ్మ: మా ఇంట్లో ఈ పట్టింపులు చూడలేదు నేను. నాన్న ఆఫీసులో పనిచేసే సాయిబుగారు ప్రతి ఉగాదికీ వచ్చి పచ్చడి తిని వెళ్లేవారు. అలాంటి ఇళ్లూ ఉన్నాయి కదా. అలాంటి గుమ్మంలోకి ఆవిణ్ణి తీసుకెళ్లి ఉంటే?

ఆయన జవాబు చెప్పలేదు. ఎర్ర పుస్తకం బల్ల మీదికి తీశారు. లోపల ఒకటి కాదు, నాలుగైదు పాత పుస్తకాలు ఒక్కచోట కుట్టి అట్ట వేయించారు. అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. ప్రతి పేజీలో చేత్తో గీసిన గళ్లు: నంబరు, పోర్షను, నల్లా వచ్చే వేళ, మెట్లు, కిరాయి, ఎప్పట్నుంచి ఖాళీ. నంబర్ల ఎడమ పక్కన, మార్జిన్లో, అక్కడక్కడా నల్ల సిరా చుక్క. ఆవగింజంత ఉంటుంది. చెప్పకపోతే సిరా ఒలికిందనుకుంటాం. నేను ఒక పేజీలో లెక్కపెట్టాను. ఇరవై రెండు ఇళ్లకు పదమూడు చుక్కలు. నాకైతే టీచరమ్మ వాదమే సరైనదని అప్పటికే తోచింది. ఆ పేజీ చూశాక, ఆయన నలభై ఏళ్లు దీన్ని చంకలో పెట్టుకుని ఈ గల్లీల్లో ఎలా తిరిగారా అనిపించింది.

టీచరమ్మ: ఈ చుక్కలన్నీ ఇంటివాళ్లను అడిగి పెట్టినవేనా?

ఏజెంటు: మొదట్ల అడిగిన.

టీచరమ్మ: తర్వాత?

ఏజెంటు: తర్వాత అడుగుడు బందయింది. ముఖం చూస్తె తెలుస్తది అనుకున్న. వాకిట్ల ముగ్గు, తులసికోట, దేవునర్ర చూసి పెట్టిన. అడిగితె ఎట్లయిన అదే చెప్తరు గద అని.

టీచరమ్మ: 83వ సంవత్సరం పేజీ ఏది అన్నా?

ఏజెంటు: వద్దు టీచరమ్మా.

టీచరమ్మ: ఆవిడ చూసిన రెండు బోర్డులు ఏ ఇళ్లవో తెలుసుకుంటాను. అంతే.

ఆయన పేజీలు తిప్పలేదు. ఆమే తిప్పారు. చిరాగ్ అలీ లేన్ వెనక గల్లీ ఇళ్లు ఒక పేజీ నిండా ఉన్నాయి. ఆమె వేలు 5-9 నంబర్ల మీదుగా పైనుంచి కిందికి జారి, ఒకచోట ఆగింది. నేను వంగి చదివాను. పై పోర్షను. రెండు రూములు, వంటిల్లు. నల్లా పొద్దున 5 నుంచి 6. మెట్లు 18. మార్చి నుంచి ఖాళీ. పక్కన, మార్జిన్లో, చుక్క.

టీచరమ్మ: ఇది మా ఇల్లు.

ఏజెంటు: ఆ.

టీచరమ్మ: నాన్న చెప్పారా?

ఏజెంటు: లేదు. నేను అడగలే. సారు పొద్దున పొద్దున జంధ్యం సవరించుకుంట పూలు తెంపుతుండె. అది చూసి పెట్టిన.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట పేవ్‌మెంటు మీద పుస్తకాల కుర్రాడు పది రూపాయలు, పది రూపాయలు అని అరుస్తున్నాడు. టీచరమ్మ బొటనవేలు ఆ చుక్క మీదే ఉంది. తుడిచినట్టు ఒకసారి రాశారు. నలభై ఏళ్ల సిరా, కదల్లేదు.

టీచరమ్మ: సాయిబుగారు ఉగాదికి వచ్చేవారని చెప్పాను కదా.

ఏజెంటు: చెప్పిన్రు.

టీచరమ్మ: వరండాలో కుర్చీ వేసేవాళ్లం. అమ్మ పచ్చడి స్టీలు గిన్నెలో పోసి నా చేతికిచ్చి పంపేది. ఆయన తిని, నాన్నతో గంటసేపు నవ్వుతూ మాట్లాడేవారు. వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టేవారు.

ఆమె ఆగారు.

టీచరమ్మ: ఆయన లోపల ఎర్ర గచ్చు మీద కూర్చోవడం చూశానా అని గుర్తు తెచ్చుకుంటున్నాను అన్నా. ఎంత తలుచుకున్నా వరండాయే కనబడుతోంది.